పలక మీది వ్రాత, యంత్రములోని వ్రాత
(వ్యక్తిగత సమాచార రక్షణ చట్టముపై ఒక విమర్శ)

దర్శికి పడమటి దిక్కున మార్కాపురము కలదు. ఆ ప్రాంతపు గనులనుండి తీసిన రాతితో చేసిన పలకలు దేశమందలి ఎన్నో పాఠశాలలకు చేరినవి. పలకకు ఒక గొప్ప గుణము కలదు. బాలుడు తప్పు వ్రాసినచో తడిగుడ్డతో తుడిచివేయును. తప్పు అంతటితో పోవును. మరునాడు అది ఉపాధ్యాయునకు గాని, ఊరివారికి గాని కనబడదు. ఎన్నో తరముల పిల్లలు తప్పులు వ్రాయుచు, వానిని తుడుచుచు అక్షరములు నేర్చిరి.

నేటి విద్యార్థి చేతిలోని సెల్‌ఫోను కూడ పలక వంటిదే. కాని దాని మీద వ్రాసిన మాట, దానితో తీసిన ఫోటో తడిగుడ్డకు లొంగవు. ఫోనులో చెరిపివేసినను, ఎక్కడనో దూరదేశమునందలి కంప్యూటరులో వాని ప్రతులు మిగిలియుండవచ్చును. ఆ ప్రతులు ఎవరి వశమున నున్నవి? వానితో వారేమి చేయవచ్చును? చెరిపివేయుమని అడుగు హక్కు కలదా? అడిగినను చెరుపకున్నచో దిక్కెవరు? ఈ ప్రశ్నలకు సమాధానముగా భారత పార్లమెంటు 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును చేసినది. ఆ సంవత్సరము ఆగస్టు 11న రాష్ట్రపతి దానికి ఆమోదముద్ర వేసిరి. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. డీప్‌ఫేకుల విషయమున వేరు నియమములు 2026 ఫిబ్రవరిలో వచ్చినవి.

ఏ చట్టమునైనను రెండు విధములుగా చదువవచ్చును. పెద్ద కంపెనీ అధికారి తనకు పడబోవు జరిమానా ఎంత యని చూచును. దర్శిలోని ఉపాధి కూలీ గాని, ఉన్నత పాఠశాల బాలిక గాని, ఉపాధ్యాయుడు గాని చదివినచో, తమకు నష్టము కలిగినప్పుడు ఏమి దొరకునని చూతురు. ఈ రెండవ చదువులో చట్టము ఎంతవరకు నిలుచునో పరిశీలింపవలసియున్నది.

యంత్రము ఏమి చేయును?

ముందుగా యంత్రము పని తెలియవలెను. పేరు, ఆధార్ సంఖ్య, వ్రేలిముద్ర, ముఖము, కంఠస్వరము, కొన్న వస్తువు, నడచిన దారి - మనుష్యునిగూర్చిన ఇట్టి ప్రతి వివరమును సమాచారమే. ఒక్కొక్క వివరము విడిగా నున్నంతకాలము దానికి బలము తక్కువ. రేషను దుకాణములోని పేరు, రవాణా శాఖలోని వాహనము, విద్యుత్తు బిల్లులోని చిరునామా - ఈ మూడింటిని జతపరచినచో ఒక కుటుంబపు స్థితిగతులను యంత్రము ఊహింపగలదు. ఆ ఊహ సరియైనది కావచ్చును, తప్పును కావచ్చును. యంత్రము లెక్కించునది సంభావ్యతను మాత్రమే. అనగా "బహుశః ఇట్లుండును" అని చెప్పును. కాని ఆ లెక్క ఆఫీసు కాగితము మీదికి వచ్చునప్పటికి "బహుశః" అను మాట జారిపోయి, "అనర్హుడు" అను మాట మిగులును.

కృత్రిమ మేధ అనబడు విద్యలో యంత్రమునకు సూత్రములను ఒక్కొక్కటిగా బోధింపరు. లక్షలకొలది ఉదాహరణలను చూపుదురు. పోలికలను అదియే పట్టుకొనును. 2014లో ఇయాన్ గుడ్‌ఫెలో, ఆయన సహచరులు ఒక చిత్రమైన పద్ధతిని ప్రకటించిరి. అందులో రెండు గణన వ్యూహములుండును. ఒకటి దొంగనాణెములు పోతపోయువాని వంటిది. అది లేని ముఖమును సృష్టించును. రెండవది షరాబు వంటిది. అది నాణెము మంచిదో చెడ్డదో తేల్చును. షరాబు పట్టుకొనిన కొలదియు దొంగ తన పనితనమును పెంచుకొనును. వేలకొలది పర్యాయములు ఇట్లు జరిగిన పిమ్మట షరాబునకే తేడా తెలియని నాణెము తయారగును. తరువాతి కాలమున చుక్కల గందరగోళమునుండి చిత్రమును క్రమముగా తేర్చు పద్ధతులును వచ్చినవి. ఒకరి ముఖమును వేరొకరి శరీరమునకు అతికి చేసిన దృశ్యములకు 2017 నుండి డీప్‌ఫేక్ అను పేరు వాడుకలోనికి వచ్చినది. కంఠస్వరమును అనుకరించుటకు నేడు కొలదిపాటి మాటల నమూనా చాలును.

వీనికన్నిటికిని ముడిసరకు ఒక్కటే: మనుష్యుల సమాచారము. కావున సమాచార రక్షణ, డీప్‌ఫేకుల నివారణ, యంత్ర నిర్ణయముల అదుపు అనునవి మూడు వేరు సమస్యలు కావు. ఒకే వేరునుండి మొలచిన మూడు కొమ్మలు.

తెలుగునాట జరిగిన సంగతులు

ఈ మూడు కొమ్మలకును తెలుగుదేశమునందే ఉదాహరణలు కలవు. బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అను సంస్థ 2017 మే నెలలో ఒక నివేదికను ప్రకటించినది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైటులలో ఆధార్ సంఖ్యలు అందరికిని కనబడునట్లున్నవని, అవి సుమారు 13 కోట్లు ఉండవచ్చునని అందులో అంచనా వేసిరి. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవి: ఒకటి ఉపాధిహామీ దినసరి చెల్లింపులది, రెండవది చంద్రన్న బీమాది. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో సుమారు 1,34,000 మంది లబ్ధిదారుల ఆధార్ సంఖ్యలు, బ్యాంకు వివరములు, కులమతములతో సహా బయట కనబడుచున్నవని వార్త వచ్చినది; పిదప వానిని మరుగుపరచిరి.

ఇచట ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఉపాధి పనుల మస్టరు రోలు బహిరంగముగా నుండుట తప్పు కాదు, అది అవసరము. ఎవరు ఎన్ని దినములు పని చేసిరి, ఎంత కూలి వచ్చినది అని గ్రామసభలో చదివి వినిపించు సామాజిక తనిఖీకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుండి పేరుగాంచినది. దొంగ పేర్లు బయటపడినది ఆ విధముననే. కావున కూలీ పేరును, పని దినములను చూపుట ప్రజాహితము. ఆధార్ సంఖ్యను, బ్యాంకు ఖాతాను చూపుట ప్రజాహితము కాదు. ఏది తెరువవలెను, ఏది మూయవలెను అను ఈ వివేకమే సమాచార రక్షణకు ప్రాణము.

రెండవ ఉదాహరణము తెలంగాణది. పలు శాఖల పట్టికలను కలిపి చూచు "సమగ్ర వేదిక" అను యంత్ర వ్యవస్థను ఆ రాష్ట్రమున సంక్షేమ పథకములలో అనర్హులను ఏరుటకు ఉపయోగించిరి. రాష్ట్రమున రద్దయిన రేషను కార్డుల విషయము సుప్రీం కోర్టు వరకు పోయినది. 2016 నుండి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రమునకు పోయి తిరిగి పరిశీలింపవలెనని ఆ కోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించినది. పేరులోని పోలిక వలన ఒక రిక్షా కార్మికుని కుటుంబము కారు గలవారి లెక్కలో పడి రేషనును పోగొట్టుకొన్నట్లు 2024లో ఒక పత్రికా పరిశోధన వెల్లడించినది. తెలుగు కుటుంబములలో తాత పేరును మనుమనికి పెట్టుట ఆచారము. ఇంటిపేరు ఒకటే, పేరు ఒకటే, ఊరు ఒకటే యైనవారు ఎందరో యుందురు. పేర్ల పోలికపై ఆధారపడు యంత్రమునకు ఇంతకంటె జారుడు నేల మరియొకటి లేదు.

మూడవది 2023 నవంబరులో జరిగినది. తెలుగు చిత్రములలో ప్రసిద్ధురాలైన నటి రష్మిక మందన్న ముఖమును వేరొక స్త్రీ దృశ్యమునకు అతికి ఒక వీడియోను వ్యాపింపజేసిరి. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాకు చెందిన ఒక యువకుని అరెస్టు చేసిరి. నటి అభిమానుల పేజీకి అనుచరులను పెంచుకొనుటకై అతడు దానిని చేసినట్లు పోలీసులు చెప్పిరి. ఈ దృష్టాంతములో ఇరువురు స్త్రీలు నష్టపడిరి: ముఖము పోయిన స్త్రీ ఒకతె, శరీరము పోయిన స్త్రీ మరియొకతె. రెండవ స్త్రీని గూర్చి లోకము అంతగా తలపలేదు.

హక్కు పుట్టిన విధము

ఏకాంతపు హక్కు పాశ్చాత్యుల భావమనియు, ఇచటి జనులకు అది పట్టదనియు అనువారు కలరు. చరిత్ర ఈ మాటను సమర్థింపదు. 1962 డిసెంబరు 18న సుప్రీం కోర్టు ఖరక్ సింగ్ వ్యాజ్యములో తీర్పు చెప్పినది. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఒక వ్యక్తిపై నిఘా ఉంచి, రాత్రులందు అతని ఇంటి తలుపు తట్టెడివారు. రాత్రి సందర్శనములను కోర్టు కొట్టివేసినను, ఏకాంతము రాజ్యాంగము హామీ ఇచ్చిన హక్కు కాదని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు పలికిరి. రాజమహేంద్రవరమున జన్మించి, 1954లో గుంటూరున వెలసిన ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావు అందుకు అంగీకరింపలేదు. ఏకాంతము వ్యక్తి స్వాతంత్ర్యమున అంతర్భాగమని ఆయన భిన్నాభిప్రాయము వ్రాసెను. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించెను.

రెండవ మెట్టు కూడ ఆంధ్రప్రదేశ్‌దే. బ్యాంకుల వంటి చోట్ల నున్న పత్రములను తనిఖీ చేయుటకు అధికారులకు విస్తృతాధికారము నిచ్చుచు రాష్ట్రము 1986లో స్టాంపుల చట్టమును సవరించినది. హైకోర్టు దానిని కొట్టివేసినది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరులకును కెనరా బ్యాంకునకును జరిగిన ఆ వ్యాజ్యములో 2004 నవంబరున సుప్రీం కోర్టు హైకోర్టును సమర్థించినది. ఏకాంతపు హక్కు వ్యక్తిని అంటియుండును గాని స్థలమును కాదు. ఖాతాదారుడు తన కాగితమును బ్యాంకునకు ఇచ్చినంత మాత్రమున దానిపై తన హక్కును పోగొట్టుకొనడని ఆ తీర్పు సారాంశము. నేడు కంప్యూటరులలో నిలువయున్న సమాచారమునకు ఈ సూత్రము అక్షరాల వర్తించును.

2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల పీఠము పుట్టస్వామి వ్యాజ్యములో ఏకాంతము ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవముగా తీర్మానించినది. సుబ్బారావు 1962లో వ్రాసిన భిన్నాభిప్రాయమే సరియైనదని యాబదియైదేండ్లకు అంగీకరించినది. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్ ఆ పీఠమున ఒకరు. 2023 నాటి చట్టము ఈ తీర్పునకు ఫలము. చెట్టు ఇట్టిదైనప్పుడు కాయను దానికి తగిన కొలతతోనే కొలువవలెను.

చట్టములోని సుగుణములు

చట్టమున సుగుణములు లేకపోలేదు. అది క్లుప్తమైనది, 44 విభాగములు మాత్రమే. దృష్టాంతములతో సామాన్యులకు తెలియునట్లు వ్రాయబడినది. వ్యక్తిని సూచించుటకు సర్వత్ర స్త్రీలింగ సర్వనామమునే వాడినది. సమాచారము తీసుకొనుటకు ముందు ఏ వివరము, దేనికొరకు అని నోటీసు ఇయ్యవలెను. ఆ నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనియందు గాని చదువుకొను వీలు కల్పింపవలెను. అనగా తెలుగులో నోటీసు అడుగుట దర్శి పౌరుని హక్కు. సమ్మతి ఇచ్చుట ఎంత సులభమో ఉపసంహరించుకొనుటయు అంత సులభముగా నుండవలెను. తన వివరములను చూచుకొనుటకు, తప్పులు దిద్దించుటకు, చెరిపివేయించుటకు వ్యక్తికి హక్కు కలదు. సమాచారము చౌర్యమైనచో నష్టపడిన ప్రతి వ్యక్తికి తెలుపవలెను. భద్రతలో అశ్రద్ధ చూపిన సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడును. పదునెనిమిదేండ్లు నిండని వారి సమాచారమునకు తల్లిదండ్రుల సమ్మతి కావలెను. వారి నడవడిని వెంటాడి వ్యాపార ప్రకటనలు గుప్పించుట నిషిద్ధము.

ఈ బాధ్యతలలో ముఖ్యమైనవి నియమములు వెలువడిన పదునెనిమిది మాసములకు, అనగా 2027 మే నుండి, అమలు కావలెనని నిర్ణయింపబడినది.

లోపములు

ఇంతవరకు బాగున్నది. ఇక దర్శిలోని ముగ్గురు చట్టమును తెరచి చూచుదురనుకొనుడు.

మొదట ఉపాధి కూలీ. ఆమె బ్యాంకు వివరములు బయటపడి, ఖాతాలోని డబ్బు పోయినది. తప్పు ఎవరిదో తేలినది. రక్షణ మండలి కోట్ల జరిమానా విధించినది. ఆ డబ్బు ఎవరికి చెందును? 34వ విభాగము ప్రకారము భారత సంచిత నిధికి చెందును. ఆమెకు ఒక రూపాయియైనను రాదు. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టమున 43ఎ అను విభాగము కలదు. రక్షణలో అశ్రద్ధ చూపిన సంస్థ నష్టపడినవారికి పరిహారము చెల్లింపవలెనని అది చెప్పుచున్నది. నూతన చట్టము ఆ విభాగమును తొలగించుచున్నది. మండలి పరిధిలోని విషయములలో సివిలు కోర్టులు జోక్యము చేసికొనరాదని 39వ విభాగము శాసించుచున్నది. పాత తలుపు మూసి, క్రొత్త తలుపు పెట్టకుండుట ఇది. ఇది తెలియక జరిగినదని చెప్పుటకు వీలులేదు. 2010లో తెలంగాణ విషయమున నియమింపబడిన సంఘమునకు అధ్యక్షుడుగా తెలుగువారికి పరిచితుడైన జస్టిస్ శ్రీకృష్ణయే 2018లో సమాచార రక్షణ ముసాయిదాను సిద్ధపరచిన సంఘమునకు అధ్యక్షుడు. ఆ ముసాయిదాలో పరిహారమునకు చోటు కలదు. చట్టమగునప్పటికి అది లేదు. పైగా తప్పుడు ఫిర్యాదు మొదలగు వానికి సామాన్యునిపై 10,000 రూపాయల వరకు జరిమానా వేయు వీలును చేర్చిరి.

ఆ కూలీకి సంబంధించినదే మరియొకటి. రాయితీలు, పింఛనులు, ధ్రువపత్రముల కొరకు ప్రభుత్వము తనయొద్దనున్న సమాచారమును వాడుకొనుటకు కొన్ని ప్రమాణములకు లోబడి క్రొత్త సమ్మతి అక్కరలేదు. కొంతవరకు ఇది న్యాయమే. ప్రతి పింఛనుకు ప్రతి మాసము సంతకము పెట్టుమనుట వృద్ధులను బాధించుటయే. కాని దేశభద్రత, శాంతిభద్రతలు మొదలగు కారణములపై కేంద్ర ప్రభుత్వము తాను ప్రకటించిన ప్రభుత్వ సంస్థలను చట్టమునుండి పూర్తిగా మినహాయింపవచ్చును. తెలుగునాట బయటపడిన పెద్ద పట్టికలు ప్రభుత్వ శాఖలవే కదా! 2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వాట్సాప్ ద్వారా 161 సేవలను అందించు "మన మిత్ర"ను ప్రారంభించినది. సేవలు చేతిలోనికి వచ్చుట సంతోషకరము. సేవలతో పాటు పౌరుల కాగితములు యంత్రములోనికి పోవుచున్నవి గనుక ప్రభుత్వ శాఖలపై కట్టుబాటు హెచ్చవలెను గాని తగ్గరాదు.

రెండవది బాలిక. ఆమె పాఠశాల వార్షికోత్సవమున నాట్యము చేసిన ఫోటోను అందరికిని కనబడునట్లు తానే ఇన్‌స్టాగ్రాములో పెట్టినది. ఎవడో దానిని తీసి అసభ్య చిత్రముగా మార్చినాడు. చట్టపు 3వ విభాగము చెప్పునదేమి? వ్యక్తి తానే బహిరంగపరచిన సమాచారమునకు ఈ చట్టము వర్తింపదు! వాకిట ముగ్గు వేసినది గనుక ఇల్లెల్ల అందరిదియే యనుట వంటిది ఈ న్యాయము. స్నేహితులు చూచుటకు ఫోటో పెట్టుట వేరు. యంత్రమునకు ముడిసరకుగా ఇచ్చుట వేరు. సుబ్బారావు భిన్నాభిప్రాయమునందు గాని, కెనరా బ్యాంకు తీర్పునందు గాని ఉన్న సూక్ష్మదృష్టి ఈ విభాగమున కనబడదు.

ఆ బాలికకు ఇతర చట్టములు తోడ్పడును. సమాచార సాంకేతిక చట్టపు 66డి, 66ఇ, 67 విభాగములు వేషధారణను, ఏకాంత భంగమును, అసభ్య ప్రచారమును శిక్షించును. 2026 ఫిబ్రవరి 20 నుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము కృత్రిమముగా కల్పించిన దృశ్యములకు, స్వరములకు స్పష్టమైన గుర్తు ఉండవలెను. కోర్టు గాని, ప్రభుత్వము గాని ఆజ్ఞాపించిన చట్టవిరుద్ధ విషయమును వేదికలు మూడు గంటలలో తొలగింపవలెను; ఇదివరలో ఆ గడువు 36 గంటలు. వ్యక్తుల నగ్న దృశ్యముల ఫిర్యాదులపై రెండు గంటలలో చర్య తీసుకొనవలెను. బాధితురాలికి గంటలే యుగములు గనుక ఈ తొందర మెచ్చదగినది. అయినను దీనికి రెండు హద్దులు కలవు. నిజాయితీపరుడే తన కల్పనకు గుర్తు పెట్టును. మోసగాడు గుర్తు పెట్టని పరికరమును వెదకుకొనును. రెండవది, మూడు గంటలలో మంచిచెడ్డలు విచారించుటకు తీరిక లేక కంపెనీలు హాస్యమును, విమర్శనమును కూడ తుడిచివేయు ప్రమాదము కలదు. వ్యక్తి పరువును కాచు సాధనము అధికారపు పరువును కాచు సాధనముగా మారరాదు.

ఇచట మరియొక వ్యత్యాసము కూడ స్పష్టము. 2025 సెప్టెంబరులో నటుడు నాగార్జున ఢిల్లీ హైకోర్టునుండి, నటుడు చిరంజీవి హైదరాబాదు సిటీ సివిలు కోర్టునుండి తమ పేరు, రూపము, స్వరముల దుర్వినియోగమును ఆపు ఉత్తరువులను పొందిరి. అది వారి హక్కు. అట్టి ఉత్తరువులు రావలసినవే. కాని ప్రసిద్ధుల ముఖమునకు విపణిలో వెల కలదు గనుక కోర్టు దానిని ఆస్తివలె కాపాడగలుగుచున్నది. దర్శి బాలిక ముఖమునకు విపణిలో వెల లేదు; గౌరవము మాత్రమే కలదు. ఆ గౌరవమునకు న్యాయవాది ఖర్చు లేని రక్షణ కావలెను.

మూడవవాడు ఉపాధ్యాయుడు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయుల హాజరును ముఖమును గుర్తించు ఫోను యాప్ ద్వారా తీసుకొను పద్ధతి వచ్చినది. స్వంత ఫోనులలో దానిని వాడుటను ఉపాధ్యాయ సంఘములు ఆక్షేపించినవి. యంత్రము ముఖమును ఫోటోగా కాక అంకెల వరుసగా మార్చి గుర్తుంచుకొనును. రహస్యపదము పోయినచో మార్చుకొనవచ్చును; ముఖము పోయినచో మార్చుకొనుటకు లేదు. ఉద్యోగి "వద్దు" అనగలడా? అనలేని చోట సమ్మతి అను మాటకు అర్థము తక్కువ. ఉద్యోగ సంబంధమైన కొన్ని పనులకు సమ్మతియే అక్కరలేదని చట్టము చెప్పుచున్నది. ఇక పిల్లల విషయమున, చదువు కొరకును భద్రత కొరకును వారి కదలికలను గమనించుటకు విద్యాసంస్థలకు నియమములు మినహాయింపునిచ్చినవి. మినహాయింపు అవసరమే, బస్సు ఎక్కడ నున్నదో తెలియవలెను. కాని దాని హద్దు ఏదియో చెప్పు భారము ఇప్పుడు ఉపాధ్యాయుని మనస్సాక్షిపై పడినది.

నిర్ణయించు యంత్రమునకు పగ్గమేది?

రేషను కార్డును రద్దుచేయు యంత్రము సంగతి మిగిలియున్నది. ఇట్టి యంత్రములకు ప్రత్యేక చట్టము భారతదేశమున చేయబడలేదు. 2025 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన కృత్రిమ మేధ మార్గదర్శకములు నూతన చట్టముకంటె ఉన్న చట్టములతోనే పని జరుపవచ్చునను ధోరణిలో నున్నవి. ఐరోపా సమితి చట్టము 2024 ఆగస్టు 1న అమలులోనికి వచ్చినది. అది యంత్రములను ప్రమాదమునుబట్టి తరగతులుగా విభజించినది. ప్రజా సహాయమునకు అర్హులెవరో నిర్ణయించు యంత్రములను అధిక ప్రమాదపు తరగతిలో చేర్చి, వానిపై మనుష్యుల పర్యవేక్షణ ఉండవలెనన్నది. ఐరోపా చట్టమును మక్కికి మక్కి దించుకొనవలెనని కాదు. కాని 19 లక్షల కార్డుల పునఃపరిశీలన నేర్పిన పాఠమును వ్రాసి పెట్టుకొనుటకు ఐరోపా వరకు పోనక్కరలేదు. అన్నమును ఆపు ముందు నోటీసు ఇయ్యవలెను. కారణము తెలుగులో చెప్పవలెను. మనిషి వచ్చి ఇల్లు చూడవలెను. ఈ మూడు మాటలు చట్టమున చేరినచో చాలును.

చట్టమునంతటిని కలిపి చూచినచో తేలునదిది: తప్పు చేసినవానిని అది చూచినది, నష్టపడినవానిని సరిగా చూడలేదు. జరిమానా ఎంతో చెప్పినది, పరిహారము మాట మరచినది. కంపెనీకి కళ్లెము వేసినది, ప్రభుత్వ శాఖలకు పగ్గము వదలినది. పరిహారపు విభాగమును తిరిగి చేర్చుట, బహిరంగ ఫోటోలకు రక్షణ కల్పించుట, ప్రభుత్వ మినహాయింపులకు స్వతంత్ర పరిశీలన నేర్పరచుట - ఈ సవరణలు లేనిదే చట్టము తాను పుట్టిన 2017 తీర్పునకు తగినదని అనిపించుకొనజాలదు.

తరగతిలో చేయదగినది

సవరణలు పార్లమెంటు పని. ఆ లోపల పాఠశాలలో చేయదగిన పని కొంత కలదు. ఏ యాప్ తెరచినను, ఏ పత్రము నింపినను నాలుగు ప్రశ్నలు వేయుట విద్యార్థులకు అలవాటు చేయవలెను: ఏ వివరము అడుగుచున్నారు? ఎందుకు? ఎంతకాలము ఉంచుకొందురు? తప్పయినచో దిద్దువారెవరు? ఒక యాప్ నోటీసును తెలుగులో తెప్పించి తరగతిలో చదివించినచో, అర్థముగాని వాక్యమెక్కడ నున్నదో పిల్లలే చూపగలరు. డబ్బు పోయిన మోసములకు 1930 అను నంబరు, ఇతర నేరములకు జాతీయ సైబర్ నేరముల పోర్టలు కలవని పాఠశాల గోడపై వ్రాసియుంచవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. ఎవరిదైన బాలిక చిత్రము వికృతమై ఫోనుల మీద తిరిగినప్పుడు "ఆమె ఫోటో ఎందుకు పెట్టినది?" అని ఊరు అడుగును. "దానిని మార్చినవాడెవడు? చూచి పంపినవారెవరు?" అని అడుగుట ఉపాధ్యాయుడు నేర్పవలెను. పలకపై తప్పు వ్రాసిన పిల్లవాని చేతికి తడిగుడ్డ ఇచ్చుట ఆయనకు క్రొత్త కాదు. వేరొకరి పలకపై ఎవడో వ్రాసిన దానిని తుడుచుటకు తోడు నిలుచుట ఇప్పుడు ఆయన పాఠములో చేరిన క్రొత్త అధ్యాయము.